ఎర్ర సాలీడు కనబడిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎర్రగా, ఎనిమిది కాళ్ళతో ఏదైనా కదిలితే చాలు, చూసినవాళ్ళ నోటి నుంచి వచ్చే మొదటి మాట "విషమేమో!" అవే ఫొటోలు, అవే సందేహాలు, అదే టెన్షన్ మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంటే అన్నీ ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్ళండి.

## కనబడగానే

ఎర్రగా ఉందంటే విషం ఎక్కువనా?

కాదు. రంగుకీ విషానికీ లంకె లేదు. దాదాపు సాలీళ్ళన్నిటికీ విషం ఉంటుంది. అయితే అది చిన్న పురుగుల్ని పడగొట్టడానికి సరిపడే విషం. చాలావాటి కోరలు మన చర్మంలోకి దిగనే దిగవు. మనుషులకు నిజంగా ప్రమాదమైన వాటిలో బ్లాక్ విడో, రెడ్‌బ్యాక్‌లకు ఎర్ర మచ్చ ఉన్న మాట నిజమే. కానీ అదే జాబితాలోని సిడ్నీ ఫనెల్‌వెబ్ నల్లగా నిగనిగలాడుతుంది. బ్రెజిల్ వాండరింగ్ సాలీడు, రెక్లూస్ సాలీడు మామూలు గోధుమ రంగులో ఉంటాయి. వాటి మీద ఎరుపు కోసం వెతికితే మోసపోతాం. ఇటు చూస్తే, ఒళ్ళంతా ఎర్రగా ఉండేవాటిలో చాలావరకు మనల్ని ఏమీ చెయ్యలేనివే.

అసలు నేను చూసింది సాలీడేనా? ముద్దగా, చిన్నగా ఉంది

నడుము చూడండి. సాలీడు ఒళ్ళు రెండు భాగాలు: ముందు తల, ఛాతీ కలిసిన భాగం, వెనక పొట్ట. మధ్యలో సన్నని నడుము ఉంటుంది. ఎనిమిది కాళ్ళూ ముందు భాగానికే ఉంటాయి. నడుము లేకుండా ఒళ్ళంతా ఒకే ముద్దలా ఉంటే అది నల్లి జాతిది (మంచాల్లో దాక్కుని కుట్టే నల్లి కాదు, ఇంగ్లీషులో మైట్ అనేది). నల్లులకూ ఎనిమిది కాళ్ళే కాబట్టి పొరపాటు పడటం సహజం. కాళ్ళు ఆరే ఉండి తల మీద మీసాలుంటే అది కీటకం, సాలీడు కానే కాదు. "ఎర్ర సాలీడు" అని నాకు చూపించే ఫొటోల్లో చాలావరకు నల్లులే ఉంటాయి.

తొలకరి పడగానే నేల మీద తిరిగే మఖమల్ లాంటి ఎర్ర పురుగు సాలీడా?

అది ఆరుద్ర పురుగు. సాలీడుకి చుట్టమే గానీ సాలీడు కాదు, నల్లి జాతిది. భూతద్దంలో చూస్తే ఒళ్ళంతా పొట్టి ఎర్ర నూగు దట్టంగా, దువ్వినట్టు కనిపిస్తుంది. ఆ మెత్తదనం దాని వల్లే. కుట్టదు, కరవదు. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉండి, మంచి వాన పడ్డాక కొన్నాళ్ళ పాటు పైకి వస్తుంది. పెద్దవి చెదపురుగుల్నీ, పురుగుల గుడ్లనీ తింటాయి. పిల్లలు మాత్రం మిడతల్లాంటి వాటి ఒంటికి అంటుకుని రసం పీల్చి పెరుగుతాయి, ఆ వయసులో వాటికి ఆరు కాళ్ళే. పట్టుకెళ్ళి సీసాలో పెట్టుకోవాలనిపిస్తుంది, తెలుసు. రెండు నిమిషాలు అరచేతిలో నడవనిచ్చి వదిలేయండి.

కిటికీ అంచు మీద సూదిమొనంత ఎర్ర చుక్కలు పరిగెడుతున్నాయి. తుడిస్తే గుడ్డంతా ఎర్రగా అయింది!

ఆ మరక మీ రక్తం కాదు, ఎవరి రక్తమూ కాదు. అది ఆ పురుగు ఒంట్లోని రంగు. గడ్డి, చిన్న మొక్కల రసం పీల్చే నల్లులు ఎండ పట్టున గోడలెక్కి కిటికీ సందుల్లోంచి లోపలికి వస్తుంటాయి. మనుషుల జోలికి రావు. గుడ్డతో రుద్దితే గోడ పాడవుతుంది కాబట్టి వాక్యూమ్‌తో లాగేయడమో, తడి గుడ్డతో మెల్లగా అద్ది తీయడమో మేలు. గోడని ఆనుకుని పెరిగిన గడ్డిని ఒక అడుగు వెనక్కి తీస్తే రాక తగ్గుతుంది.

పూర్తిగా ఎర్రగా ఉండే అసలైన సాలీళ్ళు ఉన్నాయా?

ఉన్నాయి, కొన్ని చూడముచ్చటగా ఉంటాయి. యూరప్‌లోని లేడీబర్డ్ సాలీడులో మగదాని వీపు ఎర్రటి ఎరుపు, దాని మీద నల్ల చుక్కలు. ఆడది నల్లగా, మఖమల్ గుడ్డలా ఉండి జీవితమంతా బొరియలోనే గడుపుతుంది. ఉత్తర అమెరికా పడమటి భాగంలో ఒక గెంతే సాలీడు ఉంది, దాని మగ పొట్ట మొత్తం ఎర్రగా ఉంటుంది. మెక్సికో రెడ్‌నీ టరాంటులా నల్లటి కాళ్ళకి మోకాళ్ళ దగ్గర మాత్రం నారింజ ఎరుపు. ఇక రాళ్ళ కింద, తేమ చోట దొరికే డిస్‌డెరా సాలీడుకి ముందు భాగమూ కాళ్ళూ ఇటుక రంగు, పొట్ట మాసిన తెలుపు. దానికి ఎనిమిది కాదు, ఆరే కళ్ళు. కోరలు మాత్రం ఒంటికి మించినంత పొడుగు. ముట్టుకుంటే ఉండచుట్టుకునే బూడిద రంగు పురుగుల గట్టి పెంకులోకి దింపాలి కదా మరి.

నల్లటి ఒంటి మీద ఎర్ర మచ్చ ఉంది. బ్లాక్ విడోనా?

మచ్చ ఎక్కడుందో, ఎలా ఉందో చూడాలి. అమెరికా బ్లాక్ విడో ఆడదానికి పొట్ట అడుగున ఇసుక గడియారం ఆకారంలో ఎర్ర గుర్తు ఉంటుంది. అది గూట్లో తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి ఆ గుర్తు మనకి పైకే కనిపిస్తుంది. ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్‌కి ఎర్ర చార వీపు మీద ఉంటుంది. న్యూజిలాండ్ కటిపో కూడా ఆ కుటుంబమే, సముద్రం ఒడ్డు ఇసుక దిబ్బల్లో ఉంటుంది. ఈ జాతుల ఆడవి సుమారు సెంటీమీటరు ఒళ్ళుతో, గుండ్రటి నిగనిగలాడే పొట్టతో, నేలకి దగ్గరగా అడ్డదిడ్డంగా అల్లిన గట్టి గూట్లో ఉంటాయి. ఎర్ర మచ్చ ఉండి, గోడ మీద గెంతుతూ మీ వైపు తిరిగి చూస్తోందంటే అది గెంతే సాలీడు. అనుమానం తీరకపోతే చెయ్యి పెట్టకుండా ఫొటో తీసుకోండి, అంతే.

చూస్తే ఎర్ర చీమే, కానీ దారం వదిలి వేలాడుతోంది. ఏమిటిది?

చీమ వేషంలో ఉన్న సాలీడు. ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమల మధ్యే తిరిగే సాలీళ్ళు ఆసియాలో ఉన్నాయి. ముందు కాళ్ళ జతని పైకెత్తి మీసాల్లా ఊపుతూ ఆరు కాళ్ళతోనే నడుస్తున్నట్టు కనిపిస్తాయి. ఒక రకం మగదానికి దవడలు ఎంత పొడుగంటే, ఒక చీమ ఇంకో చీమని మోసుకుపోతున్నట్టు ఉంటుంది. చీమలంటే పక్షులకూ, ఇతర సాలీళ్ళకూ పడదు కాబట్టి ఈ వేషం వాటికి కవచం. ఇంకో రకం మాత్రం అదే వేషంతో ఆ చీమల్నే పట్టి తింటుంది. దొంగ పోలీసు యూనిఫాం వేసుకున్నట్టు.

అసలు వీటికి ఎరుపు దేనికి?

అన్నిటికీ ఒకే కారణం లేదు. విడో జాతుల ఎరుపు పక్షులకు హెచ్చరిక. పక్షులకు ఎరుపు బాగా కనిపిస్తుంది, చాలా కీటకాలకు సరిగా కనిపించదు. అంటే తినడానికి వచ్చేవాడికి బోర్డు కనిపిస్తుంది, తిండిగా దొరికేవాడికి కనిపించదు. కొన్ని గెంతే సాలీళ్ళలో మగవాటి ముఖం మీది ఎరుపు ఆడదాని కోసం. వాటి కంటిలో ప్రత్యేకమైన ఎర్ర ఫిల్టర్ ఉండి, ఎరుపుని గుర్తుపట్టగలవని 2015లో తేలింది. సాలీళ్ళలో ఎరుపు, పసుపు, గోధుమ ఛాయలు ఎక్కువగా ఓమోక్రోమ్ అనే రంగు పదార్థాల వల్ల వస్తాయి.

## ఇంట్లో, మొక్కల మీద

స్నానాల గది మూలన చిన్న ఎర్ర సాలీడు ఎప్పుడూ ఉంటోంది. ఏ రకం?

వెచ్చటి దేశాలన్నిటిలో ఇళ్ళని నమ్ముకుని బతికే ఎర్ర ఇంటి సాలీడు ఒకటుంది, శాస్త్రీయ నామం నెస్టికోడిస్ రూఫిపెస్. చాలాసార్లు ఇదే. కాళ్ళూ ముందు భాగమూ ఎర్రటి గోధుమ రంగు, పొట్ట బఠాణీ గింజలా గుండ్రంగా, కాస్త ముదురుగా. తలుపు వెనక, సింక్ కింద, కిటికీ మూలన పద్ధతీ పాడూ లేకుండా దారాలు లాగి, మధ్యలో తలకిందులుగా వేలాడుతుంది. ఒక రాత్రి టార్చి వేసి చూశాను. నేలకి బిగించిన దారం ఒకదానికి చీమ తగిలింది. దారం అడుగున తెగి, లాగి వదిలిన రబ్బరులా చీమతో సహా పైకి లేచింది. సాలీడు పరుగున దిగి, వెనక కాళ్ళతో దారం విసురుతూ దాన్ని మూటకట్టేసింది. అంతా అర నిమిషం పట్టలేదు. దోమలు, ఈగలు, చీమలు దీని తిండి. చేత్తో నలిపితే తప్ప కరవదు, కరిచినా కాసేపు మంట.

గోడ మీద అరచేయంత సాలీడు! రాత్రి నిద్ర పట్టలేదు

బల్లపరుపుగా, కాళ్ళు పక్కలకి చాచి, లైటు వెయ్యగానే మెరుపులా పరిగెత్తేది హంట్స్‌మన్ రకం. గోధుమ రంగులో ఉంటుంది, కొన్ని కాస్త ఎర్రగా కనబడతాయి. గూడు కట్టదు, బొద్దింకల్ని వెంటాడి పట్టుకుంటుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ళలాంటిది మోసుకు తిరుగుతుంటే అది గుడ్ల సంచి. అప్పుడు మాత్రం దాని జోలికి వెళ్ళకండి, తల్లి కదా, కరవడానికి వెనకాడదు.

ఆకుల కింద ఎర్ర చుక్కలు, సన్నటి బూజు. సాలీళ్ళు మొక్కని తింటున్నాయా?

ఇవి ఎర్రనల్లులు. సాలీళ్ళు ఆకుల రసం పీల్చవు, ఎర్రనల్లికి అదే తిండి. అర మిల్లీమీటరు కూడా ఉండవు కాబట్టి ఆకు మీద కనిపెట్టడం కష్టం. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద కొమ్మని రెండుసార్లు తట్టండి. రాలిన దుమ్ములో కొన్ని చుక్కలు నడవడం మొదలుపెడితే దొరికినట్టే. ఆకు పైభాగాన సన్నటి పాలిపోయిన చుక్కలు రావడం మొదటి గుర్తు, బూజు కట్టేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. వేడి, పొడి వాతావరణంలో వారం పదిరోజుల్లో కొత్త తరం తయారవుతుంది. ముందు ఆకు అడుగుభాగాన్ని నీళ్ళ ధారతో గట్టిగా కడగండి, రెండు మూడు రోజులకోసారి చేయండి. బాగా పాడైన ఆకులు తీసేయండి. కనబడ్డ పురుగుమందల్లా కొడితే ఎర్రనల్లిని తినే మంచి నల్లులూ, పురుగులూ చచ్చి సమస్య రెట్టింపవుతుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

ఇంట్లో సాలీళ్ళని ఉండనివ్వాలా, తీసేయాలా?

ప్రమాదకరమైన జాతులున్న ప్రాంతం కాకపోతే ఉండనిస్తేనే లాభం. ప్రపంచంలోని సాలీళ్ళన్నీ కలిపి ఏడాదికి 40 నుంచి 80 కోట్ల టన్నుల పురుగుల్ని తింటాయని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. బూజు దులపడం మానక్కర్లేదు, పాత బూజులో ఎలాగూ సాలీడు ఉండదు.

చంపకుండా బయటికి పంపడం ఎలా?

గాజు గ్లాసు బోర్లించండి, గోడకీ గ్లాసుకీ మధ్య అట్టముక్క దూర్చండి, బయట వదలండి. గ్లాసు అంచుకి కాలు నలగకుండా చూడాలి, అంతే. మళ్ళీ రాకుండా ఉండాలంటే సందులు మూసి, రాత్రి బయటి లైటు ఆర్పేయండి. లైటుకి పురుగులొస్తాయి, పురుగుల కోసం సాలీడు వస్తుంది.

## కరిచిందేమోనని అనుమానం

పొద్దున లేచేసరికి పొక్కులు. సాలీడు పాకిందంటున్నారు, నిజమేనా?

సాలీడు ఒంటి మీద పాకినంత మాత్రాన పొక్కులు రావు. ఇలాంటప్పుడు ముందు రెండింటిని అనుమానించాలి. ఒకటి, పీడెరస్ అనే సన్నటి పురుగు: నారింజ ఎరుపు, నలుపు పట్టీలతో సెంటీమీటరు లోపే ఉంటుంది, రాత్రిళ్ళు లైటుకి వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద వాలినప్పుడు నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాలుస్తుంది, ఒకటి రెండు రోజుల్లో గీతలాగా మంట, పొక్కులు వస్తాయి. వాలితే నలపకుండా ఊదేసి, ఆ చోటు సబ్బుతో కడుక్కోవాలి. రెండోది అసలు పురుగే కాదు, హెర్పిస్ జోస్టర్ అనే వైరస్ జబ్బు. ఒంటికి ఒకవైపే పట్టీలాగా నీటి పొక్కులు, వాటికన్నా ముందే పోట్లు మొదలవుతాయి. ఇదైతే మందులు 72 గంటల్లోపు మొదలుపెడితే ఎక్కువ గుణం. పసర్లు పూస్తూ ఆ మూడు రోజులూ పోగొట్టుకోకండి, డాక్టర్‌కి చూపించండి.

నిజంగానే కరిస్తే ఏం చేయాలి?

సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టండి. కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వద్దు. మామూలు సాలీడు కాటు చిన్న వాపు, దురదతో పోతుంది. నొప్పి గంటలు గడిచేకొద్దీ పెరుగుతున్నా, చెమటలు పట్టినా, పొట్టలోనో నడుంలోనో కండరాలు బిగుసుకున్నా, వాంతులైనా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. చిన్నపిల్లలకైతే ఈ లక్షణాల కోసం ఎదురు చూడొద్దు. రెడ్‌బ్యాక్‌కి విరుగుడు మందు 1956 నుంచి, సిడ్నీ ఫనెల్‌వెబ్‌కి 1981 నుంచి ఉంది. ఫనెల్‌వెబ్ కాటుకి మాత్రం కాలో చెయ్యో కదలకుండా వెడల్పు బ్యాండేజీ గట్టిగా చుట్టి తీసుకెళ్ళాలి, రెడ్‌బ్యాక్‌కి అలా చుట్టకూడదు.

నిద్రలో మనం సాలీళ్ళని మింగేస్తామట కదా?

కట్టుకథ. మన ఊపిరి, గురక, గుండె చప్పుడు దానికి భూకంపంలా తెలుస్తాయి. ఏ సాలీడూ కోరి ఆ గుహలోకి రాదు.

## ఎలా బతుకుతాయి?

తన గూటికి తానే ఎందుకు అంటుకోదు?

గూట్లో దారాలన్నీ జిగురువి కావు. చక్రంలా ఉండే గూడు కట్టే సాలీడుని సాయంత్రం పూట కూర్చుని చూస్తే తెలుస్తుంది. ముందు చట్రం కడుతుంది, తర్వాత మధ్య నుంచి బయటికి బండి చక్రం ఆకుల్లాంటి దారాలు లాగుతుంది. వాటికి జిగురుండదు. ఆ తర్వాత మధ్య నుంచి అంచు దాకా వదులుగా ఒక చుట్టు, ఇది మేస్త్రీ కట్టే పరంజా లాంటిది. అప్పుడు అంచు నుంచి లోపలికి వస్తూ అసలు జిగురు దారం దగ్గర దగ్గరగా చుడుతుంది. వస్తూ వస్తూ ఆ పరంజాని విప్పి తినేస్తుంది! నడిచేటప్పుడు జిగురు లేని దారాల మీదే ఎక్కువగా అడుగేస్తుంది. జిగురు తగిలినా కాలి కొసన ఉన్న సన్నటి వెంట్రుకలూ, వాటి మీది పూతా దాన్ని పట్టనివ్వవు. ఇలాంటి సాలీళ్ళలో చాలావరకు పాత గూడుని తినేసి, ఆ ప్రోటీన్‌తోనే కొత్త దారం తీస్తాయి.

పళ్ళు లేవు కదా, ఎలా తింటుంది?

తాగుతుంది. కోరలతో విషం ఎక్కించి, అరిగించే రసాల్ని పురుగు మీదకి వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. అందుకే గూట్లో వేలాడే ఈగలు బోలు డొల్లలు. తిండి దొరక్కపోయినా చాలా రకాలు వారాలు, కొన్ని నెలల తరబడి ఓర్చుకుంటాయి. అన్నట్టు, మధ్య అమెరికాలో తుమ్మజాతి చెట్ల ఆకు కొసలే ముఖ్యమైన తిండిగా బతికే గెంతే సాలీడు ఒకటుంది, వేల జాతుల్లో శాకాహారి అనిపించుకున్నది అదొక్కటే.

చచ్చిన సాలీడు కాళ్ళు ఎందుకు ముడుచుకుంటాయి?

కాళ్ళు ముడవడానికి కండరాలున్నాయి. చాచడానికి ముఖ్యమైన కీళ్ళ దగ్గర కండరాలు లేవు, లోపలి ద్రవాన్ని ఒత్తిడితో పంపి చాస్తుంది. ప్రాణం పోగానే ఒత్తిడి పోతుంది, కాళ్ళు లోపలికి వచ్చేస్తాయి. ఆ ద్రవమే దాని రక్తం. మనకి ఇనుము చేసే పనిని దానిలో రాగి చేస్తుంది కాబట్టి గాలి తగిలితే నీలంగా ఉంటుంది. ఒకటి గమనించండి: కాళ్ళన్నీ ఉండి, ఊదితే ఎగిరేంత తేలిగ్గా వేలాడుతుంటే అది శవం కాకపోవచ్చు, విడిచిన కుబుసం. నేనూ ఒకసారి "అయ్యో" అనుకుని తీయబోతే పక్కనే అసలుది కొత్త ఒంటితో కూర్చుని ఉంది. పెరిగే వయసులో తెగిన కాలు కుబుసం విడిచినప్పుడు మళ్ళీ వస్తుంది, మొదట్లో కాస్త పొట్టిగా.

ఆడది మగదాన్ని తినేస్తుందా?

అన్ని జాతుల్లోనూ కాదు. చాలావాటిలో మగది పని ముగించుకుని క్షేమంగా జారుకుంటుంది. రెడ్‌బ్యాక్ మాత్రం వేరే కథ. ఆడదాని ఒళ్ళు సెంటీమీటరు, మగది మూడు నాలుగు మిల్లీమీటర్లు. కలిసే సమయంలో మగదే పిల్లిమొగ్గ వేసి తన పొట్టని ఆడదాని కోరలకి అందిస్తుంది. తింటూ ఉన్నంతసేపూ కలయిక సాగుతుంది, పిల్లలు తన సంతానమే అయ్యే అవకాశం పెరుగుతుంది. లేడీబర్డ్ సాలీడులో తిండి అయ్యేది తల్లి. పిల్లలు పుట్టాక ముందు తన నోటి నుంచి ద్రవం అందిస్తుంది, చివరికి ఆ పిల్లలే బొరియలో దాని ఒళ్ళు తినేసి బయటికి వస్తాయి.

రెక్కల్లేకుండా గాలిలో ఎలా ఎగురుతాయి?

పిల్ల సాలీడు గడ్డిపోచ కొసకెక్కి, మునివేళ్ళ మీద నిలబడినట్టు లేచి, పొట్ట పైకెత్తి దారాలు వదులుతుంది. గాలి లాక్కుపోతుంది. 1832లో డార్విన్ ప్రయాణిస్తున్న ఓడ తీరానికి 60 మైళ్ళ దూరంలో ఉండగా తాళ్ళ మీద ఇలా వచ్చిన చిన్న ఎర్రటి సాలీళ్ళు వేలల్లో వాలాయి. గాలి ఒక్కటే కాదు, వాతావరణంలోని విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపగలదని 2018లో ప్రయోగం చేసి చూపించారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ సాలీళ్ళు ఉన్నాయి. 2022 నాటికి గుర్తించి పేరు పెట్టిన జాతులే 50 వేలు దాటాయి.

సాలీళ్ళు నిద్రపోతాయా?

విశ్రాంతి తీసుకోవడం మామూలే. 2022లో ఒక గెంతే సాలీడు పిల్లల్ని రాత్రంతా కెమెరాతో చూశారు. వాటి ఒళ్ళు ఇంకా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి కంటి లోపలి గొట్టాలు కదలడం తెలిసింది. దారానికి వేలాడుతూ ఉండగా, కలలొచ్చే నిద్రలో మన కళ్ళు కదిలినట్టే, కాసేపటికోసారి అవీ కదిలాయి, కాళ్ళూ అదిరాయి.

ఎన్నాళ్ళు బతుకుతాయి?

గూడు కట్టే మామూలు రకాలకు ఏడాది, రెండేళ్ళు. మెక్సికో రెడ్‌నీ ఆడది పాతికేళ్ళు దాటి బతకగలదు, మగదానికి అందులో సగం కూడా దక్కదు. అన్నిటిలోకీ ఎక్కువ కాలం బతికినట్టు రికార్డుల్లో ఉన్నది ఆస్ట్రేలియాలో తలుపు బొరియ కట్టుకునే ఒక ఆడ సాలీడు. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో మొదలుపెట్టిన పరిశీలనలో దాన్ని 16వ నంబరుగా గుర్తించారు. పుట్టి పెరిగిన ఆ ఒక్క బొరియలోనే 43 ఏళ్ళు గడిపింది. చనిపోయింది ముసలితనంతో కాదు. 2016లో చూడటానికి వెళ్ళినప్పుడు బొరియ మూతకి కందిరీగ పొడిచిన కన్నం ఉంది, లోపల 16వ నంబరు లేదు.